కొత్త డిస్కు వేశాక కంప్యూటరు ఎందుకు మొరాయిస్తుంది?

మన హాస్టళ్ళలో ఈమధ్య ఒక శస్త్రచికిత్స విరివిగా జరుగుతోంది. పదేళ్ళనాటి డెస్కుటాపునో, అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాపునో బల్లమీద బోర్లించి, అడుగున స్క్రూలు విప్పి, లోపలున్న హార్డు డిస్కును ఊడదీసి, దాని స్థానంలో అరచెయ్యి వెడల్పైనా లేని ఎస్.ఎస్.డి.ని బిగించడం. కొత్త కంప్యూటరుతో పోలిస్తే ఖర్చు బహు తక్కువ. ఫలితం మాత్రం కంటికి కనబడుతుంది. పాత డిస్కులో పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉంటే, దానిమీది ముల్లు ఒక చోటినుంచి మరో చోటికి జరిగి కావలసిన ముక్కను అందుకోవడానికి సుమారు సెకనులో వందో వంతు పడుతుంది. వినడానికి అది తక్కువే. కాని విండోస్ లేచేలోపల అటువంటి ముక్కలు వేలకొద్దీ అందుకోవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే ముల్లూ లేదు. అందుకే, మనం క్యాంటీనుకు వెళ్ళి టీ తాగి వచ్చేదాకా లేవని యంత్రం అర నిమిషంలో లేచి కూర్చుంటుంది.

అంటే, లేస్తే. చాలాసార్లు లేవదు. మీట నొక్కుతాం, ఫ్యాను తిరుగుతుంది, కంపెనీ బొమ్మ వస్తుంది, ఆ తరువాత నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు ఒక వరుస: "నో బూటబుల్ డివైస్". ఇంకేం, గదినిండా వైద్యులే. ఒకడు "మదర్‌బోర్డు పోయిందిరా" అంటాడు. ఇంకొకడు "పాతదాన్ని తగిలించి ఫార్మాట్ కొట్టి మళ్ళీ మొదలెట్టు" అంటాడు. మొదటివాడి మాట వింటే డబ్బు పోతుంది. రెండోవాడి మాట వింటే ఫైనలియరు ప్రాజెక్టు రిపోర్టు, మూడేళ్ళ నోట్సు, చెల్లెలి పెళ్ళి ఫోటోలు అన్నీ కట్టగట్టుకుని పోతాయి. నిజానికి ఆ తెల్ల అక్షరాలు వచ్చాయంటేనే బోర్డు బ్రతికి ఉన్నదన్నమాట. చచ్చినది మాట్లాడదు కదా!

కాబట్టి మరమ్మతు సంగతి ఎత్తుకునేముందే ఒక కట్టడి చేసుకోవాలి. కొత్త డిస్కు నుంచి యంత్రం లేచి, మీ ఫైళ్ళు తెరిచి చూసుకునేవరకు, పాత డిస్కుమీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. దాన్ని కాగితంలో చుట్టి బీరువాలో పెట్టండి. ఇక్కడినుంచి చెప్పేదంతా కొత్త డిస్కుమీద చేసే పనే. కొత్తది పదిసార్లు పాడుచేసినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పాతది ఒక్కసారి పాడైతే అంతే సంగతులు.

ఇహ అసలు విషయానికి వద్దాం. మీట నొక్కిన దగ్గరనుంచి మన పేరు తెరమీద కనబడేదాకా లోపల ఏం జరుగుతుంది?

మొదట మేలుకొనేది డిస్కు కాదు. బోర్డుమీద ఒక చిన్న చిప్పులో స్థిరంగా ఉండే ప్రోగ్రాము. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.తో దీనికి 'బయాస్' అన్న పేరు ప్రసిద్ధమైంది. ఇప్పటి యంత్రాలలో ఉండేది దాని వారసుడు, 'యు.ఇ.ఎఫ్.ఐ.'. ఇది ముందుగా మెమరీ, కీబోర్డు, తెర సరిగా ఉన్నాయా అని తడిమి చూసుకుంటుంది. తరువాత తన దగ్గర రాసిపెట్టుకున్న జాబితా తీసి ఏ డిస్కును ముందు పలకరించాలో చూస్తుంది. ఆ డిస్కులో ఒక నియమిత స్థలంలో ఉండే చిన్న ప్రోగ్రామును తెచ్చి, పగ్గాలు దాని చేతికిస్తుంది. అది బూట్ మేనేజరును లేపుతుంది. బూట్ మేనేజరు తన పట్టిక చూసుకుని విండోస్ కెర్నెలు ఎక్కడుందో వెతికి దాన్ని లేపుతుంది. కెర్నెలు లేచి, తన సొంత డ్రైవరుతో డిస్కును చదవడం మొదలుపెడుతుంది. ఇలా చిన్నది పెద్దదాన్ని, అది ఇంకా పెద్దదాన్ని లేపుకుంటూ పోవడమే 'బూటింగు'. బూటు పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లాక్కోవడం అనే ఇంగ్లీషువాళ్ళ చమత్కారంనుంచి వచ్చింది ఈ మాట.

ఈ వరుసలో గమనించవలసింది ఏమిటంటే, ప్రతివాడి దగ్గరా తరువాతివాడి చిరునామా ఒకటి రాసి ఉంటుంది. మనం ఇల్లు మారినప్పుడు సామానంతా లారీలో భద్రంగా చేరిపోతుంది. కాని గ్యాసు సిలిండరు పాత ఇంటికే పోతుంది, ఉత్తరాలు పాత ఇంటికే పోతాయి. సామాను పోలేదు, అడ్రసు మారలేదు, అంతే. డిస్కు మార్చినప్పుడు జరిగేదీ ఇదే. ఎక్కడ ఆగిపోయిందో కనిపెడితే ఎవడి దగ్గర పాత అడ్రసు ఉండిపోయిందో తెలిసిపోతుంది. తెరమీది ఇంగ్లీషు ముక్కను విసుగుతో చెరిపేయకుండా ఒక కాగితంమీద ఉన్నదున్నట్టు రాసుకోండి. సగం వైద్యం అక్కడే ఉంది.

మొదటి మెట్టు చాలా మోటుది. యంత్రం లేస్తున్నప్పుడు డిలీట్ మీటగాని, ఎఫ్ 2 గాని నొక్కితే (కంపెనీనిబట్టి మారుతుంది) సెటప్ తెర వస్తుంది. అక్కడ కొత్త డిస్కు పేరు కనబడుతోందా, లేదా? కనబడకపోతే విండోస్‌ను ఎన్ని తిట్టినా లాభం లేదు, కథ ఇంకా అక్కడిదాకా రాలేదు. కరెంటు తీసి, ల్యాప్‌టాపు అయితే బ్యాటరీ కనెక్షను కూడా విడదీసి, తీగలు చూసుకోవాలి. సాటా డిస్కుకు రెండు తీగలు: 7 పిన్నుల సన్నది సమాచారానికి, 15 పిన్నుల వెడల్పుది కరెంటుకు. సన్నది పాతదైతే వదులై ఊడుతూ ఉంటుంది. ఇంకోటి పెట్టి చూడండి. చూయింగ్ గమ్ రేకులా ఉండే ఎం.2 రకమైతే కొంచెం చిక్కు ఉంది. అంచున రెండు గాట్లున్నది సాధారణంగా సాటా భాష మాట్లాడేది, ఒక గాటున్నది ఎన్.వి.ఎం.ఇ. భాష మాట్లాడేది. స్లాటులో పట్టినంత మాత్రాన బోర్డుకు ఆ భాష వచ్చని కాదు. 2013 ప్రాంతపు బోర్డులు చాలావాటికి ఎన్.వి.ఎం.ఇ. నుంచి లేవడం రాదు. కొనేముందు బోర్డు పుస్తకం చూడడం ఒక్కటే మార్గం. కొన్ని బోర్డులలో ఎం.2 స్లాటు వాడితే ఒకటో రెండో సాటా స్లాట్లు పనిచేయడం మానేస్తాయి కూడా. కొత్తది పెట్టగానే పక్కనున్న పాతది మాయమైందని గాభరా పడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సెటప్ తెరలో గడియారం చూడడం మరచిపోకండి. తేదీ ఎప్పటిదో చూపిస్తుంటే బోర్డుమీది బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలా బోర్డులలో వాడేది సి.ఆర్. 2032, 3 వోల్టులది. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. పాత యంత్రాలలో అది అయిపోతే, ఆపినప్పుడల్లా సెట్టింగులన్నీ ఫ్యాక్టరీనాటివి అయిపోతాయి. నెలల తరబడి ప్లగ్గు తీయకుండా నడిచిన యంత్రాన్ని డిస్కు మార్చడంకోసం మొట్టమొదటిసారి ప్లగ్గు పీకుతాం. నింద పడేది కొత్త డిస్కుమీద, తప్పు బ్యాటరీది.

రెండో మెట్టు అసలు చిక్కులన్నిటికీ నిలయం. సెటప్‌లో డిస్కు పేరు కనబడుతుంది, కాని "బూట్ డివైస్ లేదు" అంటుంది. దీనికి కొంచెం వెనకటి కథ కావాలి.

1983లో ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్.టి. 10 మెగాబైట్ల హార్డు డిస్కుతో వచ్చింది. ఆ సంవత్సరమే వచ్చిన డాస్ 2.0తో డిస్కులో మొట్టమొదటి సెక్టారుకు ఒక మర్యాద ఏర్పడింది. సెక్టారు మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు లేపే ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కు ఎన్ని భాగాలుగా విడిపోయిందో చెప్పే పట్టికకు, చివరి 2 బైట్లు 'ఇది నిజమైనదే' అనే ముద్రకు. దీన్నే ఎం.బి.ఆర్. అంటారు. 446 బైట్లంటే పోస్టుకార్డుమీద పట్టే రాత. ఆ పోస్టుకార్డు ఇంకా చాలా యంత్రాలను లేపుతూనే ఉంది. కాని దాని పట్టికలో నాలుగు గడులే, పైగా 2 టెరాబైట్లు దాటితే (కచ్చితంగా చెప్పాలంటే 2.2) లెక్కపెట్టలేదు. అందుచేత కొత్త పద్ధతి వచ్చింది. 2005లో ఏర్పడిన యు.ఇ.ఎఫ్.ఐ. ఫోరం ప్రమాణంలో పట్టిక పేరు జి.పి.టి. డిస్కులో ఒక చిన్న భాగం ప్రత్యేకంగా లేపడానికే ఉంటుంది. విండోస్ 10 సాధారణంగా దానికి 100 మెగాబైట్లు కేటాయిస్తుంది. లేపే ప్రోగ్రాము అందులో మామూలు ఫైలులా కూర్చుంటుంది. ఏ డిస్కులో, ఏ భాగంలో, ఏ ఫైలో అన్నది డిస్కుమీద కాకుండా బోర్డు జ్ఞాపకంలో రాసి ఉంటుంది.

చివరి వాక్యం మరొక్కసారి చదవండి. చిరునామా బోర్డు దగ్గర ఉంది. ప్రతి భాగానికీ ఒక విడి సంఖ్య ఉంటుంది, బోర్డు ఆ సంఖ్యను పట్టుకుని వెతుకుతుంది. కొత్త డిస్కులో ఆ భాగానికి వేరే సంఖ్య పడితే, ఫైలు అక్కడే ఉన్నా బోర్డు "లేదు" అనే చెబుతుంది.

మనవాళ్ళు ఇక్కడ రెండు రకాలుగా దెబ్బతింటారు. మొదటిది, సి డ్రైవు మాత్రమే నకలు తీసి, కంటికి కనబడని ఆ 100 మెగాబైట్లను వదిలేయడం. సామానంతా తెచ్చి, ఇంటి తాళంచెవి పాత ఇంట్లో మరచిపోయినట్టు. నకలు తీసేటప్పుడు 'డిస్కు మొత్తం' అన్నదే ఎంచుకోవాలి. రెండోది, పాత డిస్కు ఎం.బి.ఆర్. పద్ధతిలో ఉంటే, బోర్డు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో మాత్రమే వెతకడం, లేదా దానికి విరుద్ధంగా. సెటప్‌లో 'లెగసీ' అనో 'సి.ఎస్.ఎం.' అనో ఉండేది పాత పద్ధతి. పాత డిస్కు ఏ పద్ధతిలో లేచేదో ఆ పద్ధతికి మార్చి చూడండి. చాలా కేసులు ఇక్కడితో తేలిపోతాయి. ఈమధ్య వస్తున్న అనేక యంత్రాలలో పాత పద్ధతి లేనే లేదు. అటువంటప్పుడు డిస్కునే జి.పి.టి.లోకి మార్చాలి. విండోస్ 10లో 2017నుంచి 'ఎం.బి.ఆర్. టు జి.పి.టి.' అనే ఉపకరణం ఫైళ్ళు చెరపకుండానే ఈ పని చేస్తుంది. దాన్ని నకలుమీదే నడపాలి సుమా, అసలుమీద కాదు.

ఇవన్నీ సరిగా ఉండి, అడ్రసు మాత్రమే తప్పితే? విండోస్ ఇన్‌స్టలేషను పెన్‌డ్రైవుతో యంత్రాన్ని లేపి, 'రిపేరు'లోకి వెళ్ళి, నల్లటి కమాండు తెర తీసుకోవాలి. వీడియోలలో అందరూ 'బూట్‌రెక్ ఫిక్స్‌బూట్' కొట్టమంటారు. యు.ఇ.ఎఫ్.ఐ. యంత్రాలలో అది తరచు "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని మొహంమీదే చెబుతుంది. దానితో కుస్తీ పట్టనక్కరలేదు. ముందు 'డిస్క్‌పార్ట్'తో ఆ చిన్న భాగానికి ఎస్ అనో మరొకటో ఒక అక్షరం ఇచ్చి, తరువాత 'బి.సి.డి.బూట్' అనే ఆదేశానికి విండోస్ ఫోల్డరు ఎక్కడుందో, చిన్న భాగం అక్షరం ఏమిటో, పద్ధతి యు.ఇ.ఎఫ్.ఐ. అనీ చెప్పాలి. అది లేపే ఫైళ్ళను కొత్తగా రాసి, బోర్డు జ్ఞాపకంలో కొత్త అడ్రసు కూడా చేరుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ రిపేరు తెరలో అక్షరాలు తారుమారవుతాయి. మనం రోజూ సి అనుకున్నది ఇక్కడ డి కావచ్చు. లోపల 'విండోస్', 'యూజర్స్' అనే ఫోల్డర్లు ఉన్నాయో లేదో చూసి నిర్ధారించుకున్నాకే ఆదేశం కొట్టండి.

మూడో మెట్టు. ఇప్పుడు బూట్ మేనేజరు లేచింది, కాని నీలం తెరతో ఆగిపోయింది. అక్కడ సున్నాలతో కూడిన ఒక సంఖ్య ఉంటుంది. సున్నా-ఎక్స్-సి తరువాత ఆరు సున్నాలు, చివర ఇ అని ఉంటే, బూట్ మేనేజరు పట్టికలో పాత డిస్కు అడ్రసే ఉన్నదని అర్థం చేసుకోవచ్చు. పైన చెప్పిన బి.సి.డి.బూట్‌తోనే ఇదీ కుదురుతుంది. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అన్నది వేరు. అక్కడ కెర్నెలు దాకా కథ నడిచింది, కాని కెర్నెలుకు డిస్కును చదివే డ్రైవరు చేతికి రాలేదు. సెటప్‌లో సాటా పద్ధతి ఎ.హెచ్.సి.ఐ., ఐ.డి.ఇ., రైడ్ అని రెండు మూడు రకాలు ఉంటుంది. బ్యాటరీ అయిపోయి ఫ్యాక్టరీ సెట్టింగు వచ్చేసిందో, ఎవరో పుణ్యాత్ముడు "ఎ.హెచ్.సి.ఐ. అయితే స్పీడు" అని మార్చాడో, విండోస్ పాత డ్రైవరుతోనే లేవబోయి బోర్లా పడుతుంది. ముందు పాత పద్ధతే తిరిగి పెట్టండి. నిజంగా మార్చదలుచుకుంటే, విండోస్ లోపలినుంచి సేఫ్ మోడ్‌లో లేచేటట్టు ఏర్పాటు చేసి, సెటప్‌లో పద్ధతి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేవనిచ్చి, ఆ ఏర్పాటు తీసేస్తే, తనకు కావలసిన డ్రైవరు అదే వెతుక్కుంటుంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు (2020) మొదలు చాలా ల్యాప్‌టాపులలో ఇదే చిక్కు ఇంకో వేషం వేసుకుని వస్తుంది. సెటప్‌లో డిస్కు కనబడుతుంది, విండోస్ ఇన్‌స్టలేషను తెరలో మాత్రం "డ్రైవులు లేవు" అంటుంది. వి.ఎం.డి. అనే నియంత్రణకు డ్రైవరు లేక వచ్చిన బాధ అది. ల్యాప్‌టాపు కంపెనీ ఇచ్చే ఆ స్టోరేజి డ్రైవరును పెన్‌డ్రైవులో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. కొన్ని వందల రూపాయలిచ్చి డిస్కు వాపసు చేసుకునే అవసరం లేదు.

లైనక్సు వాడేవాళ్ళ సంగతి తేలికగానే చెప్పవచ్చు, వాళ్ళకు కమాండు తెరంటే భయముండదు కనుక. 'ఎఫ్‌స్టాబ్' అనే ఫైలులో ప్రతి భాగమూ తన విడి సంఖ్యతో నమోదై ఉంటుంది. కొత్త డిస్కులో ఆ సంఖ్య లేకపోతే యంత్రం నిమిషమున్నర ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ తెరలో దింపుతుంది. 'బి.ఎల్.కె.ఐ.డి.' అనే ఆదేశంతో కొత్త సంఖ్యలు చూసి ఫైలులో దిద్దుకుంటే చాలు. 'గ్రబ్ రెస్క్యూ' అని వచ్చి అక్కడే నిలబడితే, లైవ్ పెన్‌డ్రైవుతో లేచి గ్రబ్‌ను తిరిగి స్థాపించుకోవాలి.

బిట్‌లాకర్ గురించి మాత్రం తేలికగా చెప్పలేను. చాలా ల్యాప్‌టాపులలో మనకు తెలియకుండానే డిస్కు గుప్తలిపిలో ఉంటుంది. డిస్కు మార్చినా, సెటప్‌లో బూటు సెట్టింగులు కదిపినా యంత్రానికి అనుమానం వచ్చి 48 అంకెల రికవరీ తాళం అడుగుతుంది. అది లేకపోతే ఆ డిస్కులో ఉన్నది మీకూ లేదు, దేవుడికీ లేదు. ఎంత పెద్ద రిపేరు దుకాణమైనా చేయగలిగింది లేదు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. కళాశాల ఇచ్చిన ఖాతాతో మొదలుపెట్టిన యంత్రమైతే కళాశాల ఖాతాలో ఉండవచ్చు; చదువు పూర్తయ్యాక ఆ ఖాతా ఉండకపోనూవచ్చు. స్క్రూ డ్రైవరు చేతికి తీసుకోకముందే ఆ 48 అంకెలూ నోటుపుస్తకంలో రాసుకోండి. పాత డిస్కునుంచి చివరిసారి ఆపేటప్పుడు కూడా షిఫ్ట్ మీట నొక్కిపట్టి 'షట్ డౌన్' చేయండి. విండోస్ 8 నాటినుంచి మామూలు షట్ డౌన్ సగం నిద్ర మాత్రమే.

నకలు తీశాక మొదటిసారి లేపేటప్పుడు రెండు డిస్కులనూ ఒకేసారి తగిలించి ఉంచకండి. అచ్చంగా నకలైతే రెండింటికీ ఒకటే ముద్ర సంఖ్య ఉంటుంది. విండోస్ ఈ కవలలను చూసి తికమకపడి ఒకదాన్ని 'ఆఫ్‌లైను' చేస్తుంది. ఒక్కోసారి కొత్తదానినుంచి లేచినట్టే లేచి పాతదానిమీద రాస్తూ పోతుంది. మీరేమో అంతా బాగుందనుకుని పాతదాన్ని తుడిచేస్తారు!

ఇంకో ఉచ్చు ఇంతకంటె ప్రమాదం. పాత డిస్కును యు.ఎస్.బి. పెట్టెలో పెట్టి తగిలించినప్పుడు ఒక్కోసారి "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?" అని తెరమీద ఎంతో వినయంగా అడుగుతుంది. కొన్ని యు.ఎస్.బి. పెట్టెలు సెక్టారు కొలత 512 బైట్లు కాకుండా 4096 అని చెబుతాయి. దానితో పట్టిక అర్థంకాక విండోస్ అది ఖాళీ డిస్కు అనుకుంటుంది. లోపల ఫైళ్ళు చెక్కుచెదరకుండా ఉంటాయి. 'కాన్సిల్' నొక్కి, ఇంకో పెట్టెలోగాని, నేరుగా సాటా తీగకుగాని తగిలించి చూడండి. ఈ ఒక్క ప్రశ్నకు "ఓకే" అని పోగొట్టుకున్న ప్రాజెక్టులు వైరసులు తిన్నవాటికి తీసిపోవేమో అని నాకు అనుమానం. కొత్త డిస్కు 'మై కంప్యూటరు'లో కనబడకపోవడం దీనికి భిన్నమైన విషయం; అది నిజంగానే ఖాళీ. డిస్క్ మేనేజ్‌మెంటులోకి వెళ్ళి 'ఇనీషియలైజ్' చేసి జి.పి.టి. అని చెప్పి, అందులో కొత్త భాగం సృష్టించి ఫార్మాట్ చేస్తే కనబడుతుంది. రెండు ప్రశ్నలూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. డిస్కు కంపెనీ పేరు, సైజు చదివి చూసుకోకుండా ఏదీ నొక్కవద్దు.

పాత డిస్కు టిక్కు టిక్కుమని శబ్దం చేస్తూ ఉంటే ఈ నకళ్ళ గొడవ కట్టిపెట్టండి. ప్రతిసారి తిప్పినకొద్దీ అది మరికొంత చస్తుంది. అటువంటి డిస్కును లేపి చూద్దామని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడంకంటె, లైనక్సులో 'డి.డి.రెస్క్యూ' వంటి ప్రోగ్రాముతో ముందు చదవగలిగినదంతా చదివించి, మొండికేసిన చోట్లు తరువాత చూసుకోవడం మేలు. ఈ పని తెలియకపోతే తెలిసిన లెక్చరరు దగ్గరకు తీసుకెళ్ళండి.

నకలు తీయడం మంచిదా, కొత్తగా విండోస్ ఎక్కించడం మంచిదా అని అందరూ అడుగుతారు. పరీక్షలు దగ్గరలో ఉంటే నకలే. నిన్నటి బల్ల నిన్నటిలాగే ఉంటుంది. సెలవుల్లో అయితే నా ఓటు కొత్తదానికి. చిన్న భాగాలు, అడ్రసులు, డ్రైవర్లు అన్నీ అదే సరిగా రాసుకుంటుంది, ఆ తరువాత ఫైళ్ళు మాత్రం తెచ్చుకోవచ్చు. అదీగాక, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో నిలిచిపోయింది. ఎం.బి.ఆర్. పద్ధతిలో నడిచే పాత యంత్రాలలో చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు కూడా, దానికి యు.ఇ.ఎఫ్.ఐ., టి.పి.ఎం. 2.0 కావాలి. అటువంటి యంత్రంలో ఎస్.ఎస్.డి. వేసి లైనక్సు ఎక్కిస్తే ఇంకో నాలుగైదేళ్ళు హాయిగా పనిచేస్తుంది.

కొత్త డిస్కునుంచి యంత్రం లేచిన రోజున పాతదాన్ని అమ్మేయకండి. ప్రాజెక్టు ఫైలు తెరవండి, చివరి పేజీదాకా వెళ్ళి చూడండి. ఫోటోల ఫోల్డరులో అక్కడక్కడా నాలుగు తెరవండి. యంత్రాన్ని పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, మర్నాడు మళ్ళీ లేపండి; బ్యాటరీ సంగతి అప్పుడు బయటపడుతుంది. సెమిస్టరు పూర్తయ్యేదాకా పాతది ఆ కాగితంలోనే, ఆ బీరువాలోనే ఉండనివ్వండి. పైన తేదీ, 'తుడవవద్దు' అని స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలలో రాయండి. హాస్టలు గదుల్లో ఖాళీ డిస్కు కనబడితే సినిమాలు వేసుకునే మిత్రులకు కొదవ లేదు.